పరిమిత ప్రతుల అచ్చు చిత్రాలు: గుర్తింపు, సేకరణ, విలువ

సరిహద్దు పల్లెల పాత ఇళ్ళలో నడవ గోడకు ఒక పటం వేలాడుతుండటం పరిపాటి. అది తామరపువ్వు మీద నిలిచిన లక్ష్మి కావచ్చు, వీణ పట్టిన సరస్వతి కావచ్చు. అద్దం మసకబారినా, చట్రానికి చెదలు పట్టినా చిత్రం మాత్రం నిలిచే ఉంటుంది. పాతసామాన్ల వర్తకుడు వచ్చి రెండు వందలిస్తానన్నప్పుడు ఇవ్వవచ్చునో కూడదో ఆ ఇంటివారికి తోచదు. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తున్న అదే ఇంటి కుమారుడు, అడుగున పెన్సిలుతో 17/50 అని వ్రాసిన ఒక చిత్రాన్ని ఎనిమిది వేలకు కొని తెచ్చినప్పుడు "అచ్చు వేసిన కాగితానికి ఎనిమిది వేలా?" అని పెద్దలు విస్తుపోతారు. రెండూ అచ్చు చిత్రాలే అయినా వాటికి విలువ కట్టే పద్ధతులు వేరు. ఆ తేడా తెలియనివారు అమ్మేటప్పుడూ నష్టపోతారు, కొనేటప్పుడూ నష్టపోతారు.

మూల ముద్రణ అనగానేమి?

చిత్రకారుడు ముందుగా రంగులతో ఒక చిత్రం గీస్తాడు. దానిని కెమెరాతో తీసి, యంత్రం మీద వేల ప్రతులు వేస్తారు. క్యాలెండరు బొమ్మ, పుస్తకం అట్ట, గోడపత్రం ఇటువంటివే. ఇవి చిత్రానికి నకళ్ళు మాత్రమే. మూల ముద్రణ అటువంటిది కాదు. అందులో కాగితం మీద పడిన ముద్రకు ముందు మరొక చిత్రమేదీ ఉండదు. కళాకారుడు చెక్క మీదనో, రాగి లేక జింకు రేకు మీదనో, రాతి మీదనో స్వయంగా పనిచేసి, దానినుండి తీసిన ప్రతి ముద్రనూ తన కృతిగా ఒప్పుకొని సంతకం చేస్తాడు. యాభై ప్రతులు తీస్తే యాభైయ్యూ మూలాలే.

ఈ విద్య మన ప్రాంతాలవారికి బొత్తిగా కొత్తది కాదు. పెడన, మచిలీపట్నం కలంకారీలో వాడే చెక్క అచ్చు, కార్యాలయంలోని రబ్బరు ముద్ర ఒక జాతివి. ఉబ్బెత్తుగా ఉన్న భాగమే రంగు పట్టి కాగితం మీద పడుతుంది. వుడ్‌కట్, లినోకట్ ఈ కోవకు చెందుతాయి. దండి యాత్రకు సాగుతున్న గాంధీజీని నందలాల్ బోస్ 1930లో లినోలియం మీద చెక్కి తీసిన నలుపు తెలుపు ముద్ర ఇందుకు దేశమంతా ఎరిగిన ఉదాహరణ. ఎచ్చింగులో వ్యవహారం తలకిందులు. రేకు మీద ఆమ్లంతో గీతలను లోతుగా కొరికించి, ఆ లోతుల్లో సిరా నింపి, పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, తడి కాగితం పరచి బరువైన ప్రెస్సు కింద నడిపిస్తారు. కాగితం ఆ గీతల్లోకి దిగి సిరాను పైకి తెస్తుంది. లిథోగ్రాఫులో రాయి చదునుగానే ఉంటుంది. నూనె, నీరు కలవవన్న సూత్రం మీదనే ఆ పని అంతా జరుగుతుంది. ఇక స్క్రీన్ ప్రింటింగు సంగతి, పెండ్లి శుభలేఖలు అచ్చు వేయించినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. చిత్రకళలో దానినే సెరిగ్రాఫ్ అంటారు.

చిత్తూరు నుండి పారిస్‌కు

ఈ కళలో ప్రపంచమంతటా పేరు వినిపించినవారిలో ఒకరు సరిహద్దు జిల్లాకు చెందిన తెలుగువారే కావడం విశేషం. కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు సమీపాన నందనూరులో జన్మించారు. శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద చదివి, మద్రాసు కళాక్షేత్రంలో కొంతకాలం చిత్రకళ బోధించి, 1949లో లండన్ వెళ్ళారు. ఆ తరువాత పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడుపుతుండిన 'అతెలియే 17' అనే ముద్రణశాలలో స్థిరపడ్డారు. 1960ల నడుమ నాటికి ఆ శాలకు సహనిర్దేశకులయ్యారు. 1976లో న్యూయార్కు వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణకళ బోధించారు. భారత ప్రభుత్వం 1972లో పద్మశ్రీ ఇచ్చింది. 2018 ఆగస్టులో న్యూయార్కులోనే మరణించారు.

ఆయన పేరుతో ముడిపడిన విధానాన్ని విస్కాసిటీ ముద్రణ అంటారు. హేటర్‌తోనూ, బొంబాయి నుండి వెళ్ళిన కైకో మోతీతోనూ కలిసి దానిని రూపొందించారు. అంతకు పూర్వం ఎచ్చింగులో నాలుగు రంగులు కావాలంటే నాలుగు రేకులు చేసి, ఒకదాని తరువాత ఒకటి పొల్లుపోకుండా అద్దవలసి వచ్చేది. విస్కాసిటీ విధానంలో ఒకే రేకు, ప్రెస్సు కింద ఒకే నడక. రేకును శిల్పం వలె వేరువేరు లోతుల్లో చెక్కుతారు. అట్టడుగు గీతల్లో మొదట సిరా నింపి పైభాగం తుడుస్తారు. తరువాత అవిసెనూనె ఎక్కువ కలిపి పలుచన చేసిన రంగును గట్టి రోలరుతో దొర్లిస్తారు. గట్టి రోలరు పై అంచులనే తాకుతుంది. పిమ్మట చిక్కని రంగును మెత్తని రోలరుతో దొర్లిస్తే అది పల్లాలలోకి దిగుతుంది. నూనె ఎక్కువగా ఉన్న చోట చిక్కని రంగు అంటదు కనుక, రెండూ కలగాపులగం కాకుండా ఎవరి చోట వారు నిలుస్తారు. అప్పటికే రొట్టె మీద నేయి రాసి ఉంటే దాని మీద పిండి అతుక్కోదు గదా, దాదాపు అటువంటిదే.

రేకును చెక్కే పనిలో కృష్ణారెడ్డికి శిల్పిగా పొందిన శిక్షణ తోడ్పడింది. 1963 నాటి 'వర్ల్‌పూల్'లో నీటి సుడి, 1968లో పారిస్ విద్యార్థుల ఆందోళన చూసి చేసిన 'డెమాన్‌స్ట్రేటర్స్', 1981 నాటి 'గ్రేట్ క్లౌన్' ఆయన కృతుల్లో తరచుగా చెప్పుకొనేవి. సేకర్తకు ఇందులో ఒక ముఖ్యమైన పాఠం ఉంది. ఈ పద్ధతిలో నూనె పాలు కొంచెం మారినా రంగు మారుతుంది. పైగా కొన్ని రేకులను ఆయన కావాలనే వేరువేరు రంగుల్లో అచ్చు వేశారు. కాబట్టి ఒకే చిత్రానికి చెందిన రెండు ప్రతులు రంగులో తేడాగా ఉన్నంత మాత్రాన ఒకటి నకిలీ అనుకోరాదు. క్యాలెండరు అచ్చుకు అలవాటుపడిన కన్ను ఇక్కడే మోసపోతుంది.

తెలంగాణలో మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ మరొక పెద్ద పేరు. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద శిక్షణ పొందారు. మేకలు, చెట్లు, పల్లె ఆడవారు, మగవారు నిండిన ఆయన ఎచ్చింగులు 1970ల నుండి సేకర్తల దృష్టిలో ఉన్నాయి. 2016లో పద్మశ్రీ అందుకున్నారు.

అడుగున వ్రాసిన అంకెల అర్థం

చిత్రం కింద, బొమ్మ అంచుకు దిగువన, సాధారణంగా ఎడమవైపు సంఖ్య, నడుమ పేరు, కుడివైపు సంతకం, సంవత్సరం ఉంటాయి. వీటిని పెన్సిలుతో వ్రాయడం ఆచారం. 17/50 అంటే మొత్తం యాభై ప్రతుల్లో ఇది పదిహేడవది. ఏ/పి అన్న అక్షరాలుంటే అది కళాకారుడు తనకోసం ఉంచుకొన్న ప్రతి. ఇవి సాధారణంగా మొత్తంలో పదో వంతుకు అటూ ఇటూ ఉంటాయి. పి/పి అంటే ముద్రాపకునికి ఇచ్చిన ప్రతి. హెచ్/సి అంటే అమ్మకానికి కాక ప్రదర్శనకు ఉంచినది. బి.ఏ.టి. అన్నది ఫ్రెంచి మాటల పొడి అక్షరాలు. 'ఇలాగే అచ్చు వేయండి' అని కళాకారుడు ఒప్పుకొన్న నమూనా ప్రతి మీద అలా వ్రాస్తారు.

దీనినిబట్టి 50 అన్న అంకె ఉన్నంత మాత్రాన లోకంలో ఉన్నవి యాభై ప్రతులేనని తలచరాదు. ఐదో పదో ఏ/పి ప్రతులు, మరి కొన్ని ఇతర ప్రతులు అదనంగా ఉంటాయి. రోమన్ అంకెలతో మరొక వరుస విడిగా తీసిన సందర్భాలూ ఉన్నాయి. కొనేవారు "అన్నీ కలిపి ఎన్ని?" అని అడగడంలో తప్పు లేదు. నిజాయితీ గల విక్రేత వ్రాసి ఇస్తాడు. ప్రతులు పూర్తి అయిన పిదప రేకు మీద అడ్డగీత గీసి రద్దు చేయడం మంచి సంప్రదాయం.

1/50 ప్రతికి 50/50 ప్రతికంటె విలువ ఎక్కువన్న నమ్మకం వ్యాప్తిలో ఉంది. చాలావరకు అది భ్రమ. అంకె వేసిన క్రమంలోనే అచ్చు పడిందన్న హామీ లేదు. అచ్చులన్నీ ఆరిన తరువాత దొంతరలోంచి తీసి అంకెలు వేస్తారు. ఒక్క డ్రైపాయింట్ విషయంలో మాత్రం ఆలోచించాలి. అందులో సూదితో గీసినప్పుడు లేచిన లోహపు పొర సిరాను పట్టి మెత్తని నీడను ఇస్తుంది. ప్రెస్సు కింద నలిగే కొద్దీ ఆ పొర అరిగిపోయి, వెనుకటి ప్రతులు వెలవెలబోతాయి. అంకెను కాక ముద్ర నిండుదనాన్ని చూడాలి.

సంతకం ఉన్నా మోసం జరగదన్న పూచీ లేదు. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ సంతకం చేసిన ఖాళీ కాగితాలు వేల కొలది 1974లో ఫ్రెంచి సుంకాధికారులకు పట్టుబడ్డాయి. ఖాళీ కాగితం మీద సంతకం ముందే ఉంటే దానిమీద ఎవరు ఏది అచ్చు వేసినా అది 'డాలీ సంతకం గల ప్రతి' అయిపోతుంది. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆయన ముద్రణలన్నిటినీ కొనుగోలుదారులు అనుమానంగానే చూశారు.

భూతద్దం చెప్పే సాక్ష్యం

పది రెట్లు పెంచి చూపే భూతద్దం వెల తక్కువ. నగల అంగళ్ళవారు వాడేది చాలు. దానితో చిత్రంలోని ఒక లేత రంగు భాగాన్ని చూడాలి. రంగురంగుల చుక్కలు వరుస తప్పకుండా, చిన్న చిన్న పువ్వుల ఆకారంలో కనిపిస్తే అది ఆఫ్‌సెట్ అచ్చు. అంటే నకలు. దానికింద సంతకమున్నా నకలే. వరుస లేని అతి సన్నని తుంపర కనిపిస్తే అది ఇంక్‌జెట్. మార్కెట్టులో దీనిని జిక్లే అని గౌరవంగా పిలుస్తారు. కేవలం కంప్యూటరుపైనే చిత్రాలు చేసే కళాకారుని విషయంలో జిక్లే మూలమే కావచ్చు. కాని నూనెరంగుల చిత్రాన్ని స్కాన్ చేసి తీసిన జిక్లే, 'లిమిటెడ్ ఎడిషన్' అన్న ముద్ర తగిలించుకొన్నా నకలు కంటె మించినది కాదు.

ఎచ్చింగుకు రేకు అంచు నొక్కుడు సాక్షి. బొమ్మ చుట్టూ కాగితం లోనికి దిగిన నాలుగు పలకల గుర్తు చేతికి తగులుతుంది. గీతల సిరా కాగితం మీద కొంచెం ఉబ్బి ఉంటుంది. వుడ్‌కట్‌లో కొన్నిటికి కాగితం వెనుకవైపు ఒత్తిడి గుర్తు కనిపిస్తుంది. సెరిగ్రాఫులో రంగు చుక్కలుగా కాక, పూత పూసినట్టు సమంగా, మందంగా ఉంటుంది. హుసేన్, రజా వంటివారి వర్ణచిత్రాలను వారి అనుమతితోనే సెరిగ్రాఫులుగా వందల ప్రతుల్లో తీశారు. అవి మోసం కావు, కాని యాభై ప్రతుల ఎచ్చింగుతో సమానమూ కావు. వాటికి దొంగ ప్రతులు కూడా ఎక్కువే కనుక కొనేచోటు ముఖ్యం.

ఇంట్లోని రవివర్మ పటం

రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లిథో ముద్రణాలయం నెలకొల్పారు. తరువాత అది లోనావాలా సమీపాన మళవలికి తరలింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి ఏళ్ళలో అప్పుల భారంతో దానిని ష్లైషర్ అనే జర్మన్ నిపుణునికి అమ్మివేశారు. ఆ చిత్రాలకు అంకెలు లేవు, పరిమితి లేదు. ప్రతి ఇంటికీ దేవుని బొమ్మ చేరాలన్నదే వాటి ఉద్దేశం. కనుక ఇవి పరిమిత ముద్రణలు కావు. అయినా చీరెకు జరీ, చమ్కీ అంటించి, నగలకు పూసలు కుట్టి ఇంటి ఆడవారు అలంకరించిన పాత ప్రతులకు సేకర్తలు మంచి ధర ఇస్తున్నారు. 1972లో ముద్రణాలయం అగ్నికి ఆహుతి కావడం కూడా పాత ప్రతుల మీద ఆసక్తిని పెంచింది.

అసలు ప్రతిని గుర్తించడానికి మళ్ళీ భూతద్దమే శరణ్యం. రాతి మీద చేత్తో పెట్టిన చుక్కలు ఎగుడుదిగుడుగా, ఒకదానితో ఒకటి పోలిక లేకుండా ఉంటాయి. రంగురంగు రాళ్ళు వాడినందున అంచుల వద్ద ఒక రంగు కొద్దిగా పక్కకు జరిగి కనిపించవచ్చు. దిగువ అంచున ముద్రణాలయం పేరు చాలా ప్రతుల్లో ఉంటుంది. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. పాత చట్రంలో పట్టలేదని పటం కట్టే అంగడివాడు అంచులు కత్తిరిస్తాడు. కొన్నిసార్లు ఇంటివారే కత్తిరించమంటారు. ఆ పేరుతోపాటు విలువలో పెద్ద భాగం కత్తెరపాలవుతుంది. మాసిన అంచైనా ఉంచుకోవడమే లాభం.

ధర నిర్ణయించేవి

కళాకారుని పేరు, ప్రతుల సంఖ్య, కాగితం స్థితి, ఎవరి చేతులు మారి వచ్చిందన్న ఆధారం, ఈ నాలుగూ కలిసి ధర అవుతాయి. వీటిలో కొనేవారు తక్కువగా పట్టించుకొనేది చివరిది. గ్యాలరీ రశీదు, ప్రదర్శన పట్టిక, కళాకారునితో దిగిన ఫోటో, ఆయన వ్రాసిన ఉత్తరం ఏదైనా ఆధారమే. రశీదు మీద కళాకారుని పేరు, చిత్రం పేరు, సంవత్సరం, విధానం, కొలత, ప్రతి సంఖ్య ఆరూ ఉండాలి. "ఫ్రేముతో పటం ఒకటి" అన్న బిల్లు రేపు అమ్మబోయేటప్పుడు ఎందుకూ కొరగాదు.

ప్రతుల సంఖ్యను లెక్కలో పెట్టి చూడటం మంచిది. 50 ప్రతుల ఎచ్చింగు ఒక్కొక్కటి 8,000 రూపాయలైతే మొత్తం విలువ 4,00,000. స్కాన్ చేసిన జిక్లే 500 ప్రతులు, ఒక్కొక్కటి 4,000 చొప్పున అంటే మొత్తం 20,00,000. సగం ధరకే వస్తున్నట్టు కనిపించినది అసలు ఖరీదైన బేరం. పైగా అమ్మబోయిన రోజున అదే చిత్రంతో మరి 499 మంది పోటీకి ఉంటారు.

గతంలో ఏ ధర పలికిందో తెలుసుకోవడం ఇప్పుడు పల్లెలో కూర్చొనే సాధ్యం. శాఫ్రన్‌ఆర్ట్, పుండోల్స్, ఆస్తాగురు వంటి వేలం సంస్థలు ఫలితాలను తమ వెబ్‌సైట్లలో ప్రకటిస్తాయి. చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు కావాలి. ఒకటి, అదే కళాకారుని నూనెరంగుల చిత్రం ధరతో ముద్రణను పోల్చరాదు. కోటి పలికిన చిత్రకారుని ఎచ్చింగు వేలల్లో ఉండవచ్చు. రెండు, ప్రకటించిన ధరలో కొనుగోలుదారు సంస్థకు చెల్లించే రుసుము కలిసి ఉందేమో చూడాలి. అమ్మినవారి చేతికి వచ్చేది అంతకంటె చాలా తక్కువ. చిత్రం కొన్న మరుసటి ఏడాదే లాభానికి అమ్ముదామనుకొనేవారికి ఈ వ్యవహారం పనికిరాదని చెప్పక తప్పదు. బంగారం వలె ఏ అంగడికి తీసుకువెళ్ళినా డబ్బు చేతిలో పెట్టరు. కొనేవాడు దొరికేదాకా వేచి ఉండాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు ప్రసిద్ధుల వెంట పడటం కంటె యువ కళాకారుల ముద్రణలు నేరుగా కొనడం మేలు. బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏటా జనవరి ప్రాంతంలో జరిపే చిత్రసంతెలో కళాకారులే కుమారకృప రోడ్డు మీద కూర్చొని అమ్ముతారు. లలితకళా అకాడమీకి చెన్నైలోనూ, భువనేశ్వర్‌లోనూ ప్రాంతీయ కేంద్రాలున్నాయి. అక్కడ ముద్రణశాలలు కూడా ఉన్నందున పని చూసి నేర్చుకోవచ్చు.

కాపాడుకోవడం

కాగితానికి శత్రువులు ఎండ, తేమ, పురుగు, జిగురు. వీటిలో జిగురు మనిషి చేతులారా చేసేది. ప్లైవుడ్‌కు అంటించిన ఎచ్చింగు, లామినేషన్ చేయించిన రవివర్మ పటం రెండూ మార్కెట్టులో దాదాపు పోయినట్టే లెక్క. ఆమ్లం లేని అట్ట మీద, పై అంచున మాత్రమే, పలుచని కాగితపు పట్టీలను మైదా గంజితో అంటించి నిలపాలి. సెల్లోటేపు వాడరాదు. చిత్రం అద్దానికి తగలకుండా నడుమ అట్టచట్రం ఉండాలి. లేకపోతే వానాకాలపు చెమ్మకు సిరా అద్దానికి పట్టుకొంటుంది. వంటింటి పొగ, పూజగది దీపం, బయటి గోడ తేమ తగలని చోట వేలాడదీయాలి. దేవుని పటమైతే దీపం వద్ద ఉంచవద్దని చెప్పడం కష్టమే. అటువంటి ఇళ్ళలో పూజకు కొత్త పటం పెట్టుకొని పాతదానిని నడవలోకి మార్చినవారు కూడా ఉన్నారు.

చట్టం, పన్ను

అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న పిల్లలు నాయనమ్మ గదిలోని పటం పంపమని కోరడం ఈ మధ్య కద్దు. నూరేళ్ళు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. రవివర్మ కృతులను 1979లో కళానిధులుగా కూడా ప్రకటించారు. పటం ఆ కోవలోకి రాదనుకొంటే భారత పురావస్తు శాఖ నుండి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకొన్న తరువాతే పంపాలి. విమానాశ్రయంలో పట్టుబడితే వస్తువూ పోతుంది, కేసూ మీద పడుతుంది.

చేతితో తీసిన మూల ఎచ్చింగులు, లిథోల మీద 2017 నుండి 12 శాతం ఉండిన జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతానికి తగ్గింది. అమ్మినప్పుడు వచ్చే లాభం మీద ఆదాయపు పన్ను ఉంది. ఇంటి సామాను కదా అని వదలరు. కళాకృతులను చట్టం సొంత వాడుక వస్తువుల లెక్కనుండి మినహాయించింది. 24 నెలలకు మించి ఉంచుకొని అమ్మితే, 2024 జులై 23 తరువాతి అమ్మకాలకు పన్ను 12.5 శాతం. పెద్దలనుండి సంక్రమించిన పటమైతే వారి దగ్గర ఉన్న కాలమూ ఇందులో కలుస్తుంది.

చిత్రం కొన్నవారికి దాని మీద ముద్రణ హక్కు రాదన్నది చాలామంది మరిచే విషయం. గోడ మీది ఎచ్చింగును ఫోటో తీసి క్యాలెండరు వేయించాలన్నా, సంఘం వార్షిక సంచికకు ముఖచిత్రం చేయాలన్నా కళాకారుని అనుమతి కావాలి. ఆ హక్కు ఆయన జీవితకాలమంతా, మరణించిన పిదప మరి 60 ఏళ్ళు ఆయనకూ, వారసులకూ చెందుతుంది.